పెయ్య కింద వేసిన పరుపు

పొద్దున లేవగానే మొహమైనా కడగకుండా కొట్టంలోకి పోయి, పెయ్య కుడి డొక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడేదాన్ని. లోపల దూడ ఒక్కసారి కదిలేదాకా చెయ్యి తీసేదాన్ని కాదు. కొన్ని రోజులు ఆనించగానే తన్నేది. కొన్ని రోజులు ఎంతసేపు నిలబడ్డా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆ చలికాలమంతా నేను భయంతోనే బతికాను. గడ్డి దొరకదేమోనన్నది సగం భయం. మిగతా సగం నా చేతులారా తెచ్చుకున్నది.

మేం ఉండేది సూరత్‌లో, డిండోలి చివర. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయన ఉధ్నా వైపు మగ్గాల షెడ్డులో పని చేస్తాడు. మగ్గాల మోతకి చెవులు సగం పోయాయి. పక్కనుంచి పిలిస్తే పలకడు గానీ, కొట్టంలో ఆవు నెమరు ఆపితే మాత్రం ఎట్లా తెలుస్తుందో, లేచి కూర్చుంటాడు. నేను ఇంట్లో ధాగా కటింగ్ చేస్తాను. జరీ చీర మగ్గం మీంచి దిగినప్పుడు వెనక వైపు ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పోయే దారాలు వదులుగా వేలాడుతుంటాయి. వాటిని కత్తెరతో కోసి చీర వెనకంతా నున్నగా చెయ్యాలి. చీర సేఠ్ దగ్గరికి తిరిగిపోతుంది, కోసిన దారం మాకు మిగులుతుంది. దూదిలా మెత్తగా ఉంటుంది. పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? మా గల్లీలో తల కింది దిండు నుంచి పసిపిల్లల బొంత దాకా అన్నిట్లో ఉండేది ఆ దారమే. మేమంతా దాని మీదే పుట్టి పెరిగినట్టు లెక్క.

ఇక పశువుల సంగతి. మా గల్లీ వెనక పొలాలున్న రోజుల్లో అక్కడ ఆవుల్ని మేపుకునే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆ స్థలమంతా అపార్టుమెంట్లకు పోయాక మందను తోలుకుని వెళ్ళిపోయాడు. వెనక కాలు ఈడ్చే ఒక ఆవు అంత దూరం నడవలేదని, దాన్నీ దాని పెయ్యనీ మాకు వదిలిపోయాడు. మా ఆయన సంబరం చూడాలి. పండక్కి వచ్చిన అల్లుళ్ళని చూసుకున్నట్టు వాటి చుట్టూ తిరిగాడు. ఇంటి పక్క సందులో రేకులు వేసి, కింద సిమెంటు చేయించి కొట్టం కట్టాడు. మరుసటి ఏడాది చలికాలం వచ్చేసరికి రెండూ సూడివే. ఆవుకి అయిదో నెల, పెయ్యకి ఆరు నిండబోతున్నాయి. పెయ్యకి అది తొలిచూలు.

ఆ ఏడే దీపావళి వెళ్ళాక వాన పట్టుకుంది. చుట్టుపక్కల ఊళ్ళలో వరి కోసి పొలాల్లోనే పరిచి ఉంది. మూడు రోజులు వదలకుండా కురిస్తే గడ్డంతా నల్లబడి బూజు పట్టింది. కామ్‌రేజ్ వైపు నుంచి టెంపోలో గడ్డి తెచ్చి అమ్మే మనిషి ఒకసారి ఆ నల్లగడ్డే తెచ్చి దింపబోయాడు. కట్ట విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన చెప్పుల వాసన కొట్టింది. బూజు గడ్డి తింటే సూడి పశువు ఈచుకుపోతుందని, అంటే కడుపులో దూడ నిలవదని, మా అమ్మ చెప్పగా విన్నాను. అతన్ని నానా మాటలూ అని పంపేశాను. ఆ తర్వాత అతను మళ్ళీ మా గల్లీ మొహం చూడలేదు. నల్లగడ్డి కూడా దొరకని రోజులొస్తాయని అప్పుడు నాకేం తెలుసు?

మేతకి బయటికి వదులుదామంటే రోడ్డు మీద కనపడ్డ పశువునల్లా కార్పొరేషన్ వాళ్ళు బండెక్కించి తీసుకుపోతారు. అందుకని షిఫ్టు దిగాక మా ఆయన అటు నుంచి అటే స్కూటర్ మీద చెరకు తోటలకు పోయేవాడు. అవి చెరకు కొట్టే రోజులు. కొట్టేవాళ్ళ దగ్గర చెరకాకు అడిగి, పెద్ద మోపు కట్టి వెనక వేసుకుని వచ్చేవాడు. దూరం నుంచి చూస్తే స్కూటరూ మనిషీ కనపడరు, ఆకుపచ్చ మోపు ఒకటి దానంతటదే గల్లీలోకి నడిచొస్తున్నట్టు ఉండేది. నేను దాన్ని చిన్నగా నరికి ఆవుకీ పెయ్యకీ పంచేదాన్ని.

పశువుల డాక్టరు చూడ్డానికి వచ్చినప్పుడు గాటిలోకి తొంగి చూసి, "చెరకాకు ఒక్కటే పెట్టి ఊరుకోవద్దు" అన్నాడు. "కడుపులో దూడకి ఎముకలు కట్టే నెలలు ఇవి. ఎండుగడ్డి ఉండాలి, వేరుశనగ చెక్క ఉండాలి, మినరల్ పొడి తప్పకుండా వెయ్యాలి."

పోయిన ఏటి ఎండుగడ్డి మెట్ల కింద కొంచెం దాచి ఉంచాను. దాన్ని కట్టలతో కాకుండా గుప్పిళ్ళతో పెట్టడం మొదలుపెట్టాను. పొద్దున పెయ్యకి నాలుగు గుప్పిళ్ళు, ఆవుకి మూడు. మళ్ళీ సాయంత్రం అంతే. నా గుప్పిలి చిన్నదని మొదటిసారి బాధపడ్డాను. ఆవు మహా గడుసుది. తన వంతు ఒక్క ఊపులో లాగించి, పెయ్యని కొమ్ముతో నెట్టేసి దాని వంతు మీద పడేది. పెయ్య ఒక మూలకి పోయి ఖాళీ గోడని నాకుతూ నిలబడేది. చూసి చూసి ఒళ్ళు మండి మధ్యలో వెదురు బొంగులు అడ్డం కట్టించాను. గాటిలో ఆఖరి పరక అయిపోయాక కూడా రెండూ నా చేతుల వంక చూస్తూ ఉండేవి. వాటి మొహాలు చూడలేక ఇంట్లోకి వచ్చేసేదాన్ని. మినరల్ పొడి డబ్బా అయిపోయింది. రేపు తెద్దాం, రేపు తెద్దాం అనుకుంటూనే పది రోజులు గడిచిపోయాయి. ఆ తప్పు కూడా నాదే.

ఒకరోజు పొద్దున పెయ్య లేవబోతూ వెనక కాళ్ళు రెండూ జారి, బరువైన కడుపుతో దభీమని సిమెంటు మీద పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతకు ముందు దాని కింద గడ్డి పరిచేవాళ్ళం. గడ్డి కరువయ్యాక పరచడం నేనే మాన్పించాను. గడ్డి నోటికే చాలడంలేదు, నేలకెక్కడి నుంచి తేను? ఆలోచించి, మూడు గోనె సంచులు కలిపి కుట్టి, వాటి నిండా ధాగా కటింగ్ దారం కూరి పరుపు చేశాను. మేం పడుకునేది దాని మీదే కదా, పెయ్య పడుకుంటే ఏం? జారదు, చలి ఎక్కదు, కడుపుకి మెత్తగా ఉంటుంది. ఆ మధ్యాహ్నం పెయ్య దాని మీద కాళ్ళు మడుచుకుని హాయిగా పడుకుంటే నేను పొంగిపోయాను.

మా ఆయన వచ్చి చూసి, "మనకేమో పాత బొంత, పెయ్యకేమో జరీ పరుపా? గిట్లయితే నేను గూడ కొట్టంలనే పండుకుంట" అని నవ్వాడు.

"పండుకో, నిన్నెవరు ఆపిండ్రు? నీ గురక బాధన్నా తప్పుతది" అన్నాను.

ఉత్తరాయణ్, అదే మన సంక్రాంతి, వచ్చింది. సూరత్‌లో ఆ రెండు రోజులూ నేల మీద మనుషులుండరు, అందరూ డాబాల మీదే. తెగిన పతంగులు తీగల మీద, చెట్ల మీద, మా రేకుల మీద. గాజుపొడి పట్టించిన మాంజా దారం ఎక్కడ చూసినా చిక్కులు చిక్కులుగా. మా ఎదురింట్లో ఒక గుజరాతీ కుటుంబం ఉంటుంది, మా రేకుల మీద పడ్డ పతంగుల్లో సగం వాళ్ళ డాబా మీంచి ఎగిరినవే. ఆ ఇల్లాలికి నా వయసే, నన్ను బెన్ అంటుంది, అక్కా అన్నట్టు, నేనూ ఆమెను బెన్ అంటాను. చలికాలం వాళ్ళింట్లో ఊంధియు కూర వండని వారం ఉండదు. ఒలిచిన బఠాణీ తొక్కలు, పాపడీ చిక్కుడు ఈనెలు ఒక్కటి కూడా పారెయ్యకుండా బుట్టలో వేసి మా గాటిలో పోసి పోయేది. గడ్డి లేని రోజుల్లో ఆ బుట్ట కోసం పెయ్య కంటే ముందు నేనే గుమ్మంలో నిలబడేదాన్ని.

పండగ మర్నాడు పొద్దున పెయ్య గాటి దగ్గరికి రాలేదు. పళ్ళు కొరుకుతోంది. నెమరు లేదు. ఎడమ డొక్క ఉబ్బి, వేలితో కొడితే డప్పులా మోగింది. కుడి డొక్క మీద చెయ్యి పెట్టాను. చాలాసేపటికి లోపల ఏదో చిన్నగా కదిలింది. డాక్టరుకి ఫోన్ చేస్తే గంటలో వచ్చాడు. పిడికిలితో ఎడమ డొక్క నొక్కి చూశాడు. గట్టిగా ఉందన్నాడు. చుట్టూ చూసి, రేకుల మీంచి వేలాడుతున్న మాంజా చూసి, "పతంగి దారం ఏమన్నా మింగిందా?" అని అడిగాడు.

ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు, "అవును, అదే అయి ఉంటుంది" అన్నాను. నేను చూడలేదు. చూశానని కూడా అనలేదు. కానీ నా గొంతులో అనుమానం లేకపోయేసరికి ఆయన నమ్మాడు.

"కొంచెం మాంజా అయితే నూనె తాగిస్తే బయటికి పోవచ్చు. రెండు రోజులు చూద్దాం. ఎనిమిదో నెల సూడి పశువుని కోయడం ఆఖరి మాట. కోస్తే దూడని ఈచుకున్నా ఈచుకోవచ్చు" అన్నాడు. నూనె పట్టించి, సూది వేసి వెళ్ళాడు. వెళ్తూ, వెనక దారం కొస కనపడితే మాత్రం లాగొద్దనీ, లాగితే పేగులు కోసుకుపోతాయనీ, కత్తెరతో కోసి వదిలెయ్యమనీ గట్టిగా చెప్పాడు.

ఆయన గల్లీ దాటాడో లేదో, నేను ఎదురింటి ముందుకి పోయి నోరు పారేసుకున్నాను. నాకు కోపమొస్తే ఏ భాష వస్తే ఆ భాషే. తెలుగు, హిందీ, వచ్చీరాని గుజరాతీ అన్నీ కలిపి కడిగేశాను. "మీ సరదాకి నా పెయ్య ప్రాణం పోవాలా? దాని కడుపులో ఇంకో ప్రాణం ఉంది, తెలుసా? రెండూ పోతే ఆ పాపం మీ ఇంటికే" అన్నాను. గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఆమె మొహం పాలిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని, గోడ పట్టుకుని నిలబడింది. నేను ఇంకో నాలుగు అని ఇంటికొచ్చాను. నిజం చెప్పొద్దూ, తిట్టాక నాకు కొంచెం తేలిగ్గా అనిపించింది.

మరుసటి రోజు పొద్దున పెయ్య కొంచెం పెండ వేసింది. చిన్నగా, గట్టిగా, మేక పెంటికల్లా. వెనక దారం కొస వేలాడుతోంది. డాక్టరు అంతలా చెప్పాక కూడా నా చెయ్యి ఆగలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని కొంచెం లాగాను. పెయ్య వీపు వంచి మూలిగింది. వెంటనే వదిలేసి కత్తెర తెచ్చాను. కోయబోతూ దారం వంక చూశాను.

అది మాంజా కాదు. ముదురు గులాబీ, రాణీ రంగు దారం. మధ్యలో జరీ పోగు ఒకటి మెరుస్తోంది.

ఆ నెలంతా నా ఒళ్ళో ఉన్నవి రాణీ రంగు చీరలే.

వెంటనే పరుపు తిరగేశాను. పైకి బాగానే ఉంది. గోడ వైపు అడుగున గోనె నమిలేసి ఉంది. నా చెయ్యి భుజం దాకా పట్టేంత బొక్క. చెయ్యి పెట్టి తడిమాను. రెండు సంచుల్లో దారం లేదు. మూత్రం పడి పడి గోనెకి ఉప్పదనం పట్టి ఉంటుంది. మినరల్ పొడి లేక, గడ్డి చాలక గోడలు నాకే పశువు ముందు నేనే తీసుకుపోయి తిండి పరిచాను. ఎన్ని రోజులుగా తింటోందో దానికే తెలియాలి. నేను కోసిన ఒక్కొక్క దారం, నా కత్తెర కోసిందే, దాని కడుపులో ఉంది.

ఇప్పుడు అనిపిస్తుంది, అప్పుడే ఫోన్ తీసి డాక్టరుకి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ దారం కొస కోసి కాలవలో పారేశాను. పరుపుని చుట్టి నీళ్ళ డ్రమ్ము వెనక తోసేశాను. డాక్టరుకి చెబితే కోయాలంటాడు, కోస్తే దూడ పోతుందన్న భయం ఒకటి. మా ఆయన ఏమంటాడోనన్న భయం ఇంకొకటి. అన్నిటికంటే పెద్దది, గల్లీ అంతా వినేలా ఎదురింటావిణ్ణి అన్న మాటలు. ఆ మాటల్ని ఎట్లా వెనక్కి తీసుకోను? అందరికీ తెలిసిపోతుంది కదా. ఇంత సిగ్గుమాలిన ఆలోచన కూడా ఆ భయంలో ఉంది. దాచి ఏం లాభం, ఉంది.

మా ఆయన వచ్చి పెయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. "దూడ మెదులుతున్నదా?"

"మెదులుతున్నది" అన్నాను. పొద్దున్నుంచీ అది ఒక్కసారి కూడా కదల్లేదు.

మధ్యాహ్నం ఎదురింటి బెన్ వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, పెయ్యని ఒకసారి ముట్టుకోవచ్చా అని అడిగింది. నేను తలూపాను. లోపలికి వచ్చి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. తర్వాత నా వైపు తిరిగి, తలెత్తకుండానే చెప్పింది. వాళ్ళింట్లో ఉన్న మాంజా చుట్టిన చరఖీలన్నీ కాల్చేశారట. పెయ్య సుఖంగా ఈనేదాకా తను ఒంటిపూటే తింటానని మొక్కుకుందట. "గోమాతకి మా వల్ల ఇట్లా అయింది. నేను ఇంతకంటే ఏం చెయ్యగలను బెన్?" అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా. "కూర్చో బెన్, టీ పెడతాను" అన్నాను. వద్దు, సాయంత్రం దాకా ఏమీ తీసుకోనని వెళ్ళిపోయింది.

డాక్టరు ఫోన్ చేసి అడిగితే, కొంచెం పెండ వేసిందన్నాను. మంచిదే, అయితే ఇంకో రోజు చూద్దామన్నాడు. ఆ ఒక్క రోజూ నా మాట మీదే ఇచ్చాడు. పొద్దు గూకే వేళకి పెయ్య కాళ్ళు బారజాపి పడిపోయింది. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీస్తోంది. ఒక్కొక్క ఊపిరికీ మూలుగుతోంది. చెవులు పట్టుకు చూస్తే మంచులా చల్లగా ఉన్నాయి. కుడి డొక్క మీద రెండు చేతులూ పెట్టి, తర్వాత చెవి పెట్టి, మా కులదేవతలందరినీ పేరు పేరునా పిలిచాను. ఏ కదలికా లేదు. ఇక నా భయాలన్నీ ఒక పక్కకి పోయి ఇదొక్కటే మిగిలింది. మా ఆయన షిఫ్టుకి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"మాంజా కాదయ్యా" అన్నాను. చెవి దగ్గర నోరు పెట్టి మళ్ళీ గట్టిగా చెప్పాను. "మాంజా కాదు. నేను ఏసిన పరుపు తిన్నది."

అతను నా మొహం వైపు చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఎంత తిన్నది?"

"రెండు సంచులు."

"ఎప్పుడు ఎరుకైంది నీకు?"

"పొద్దున."

పెట్టుకున్న గుండీలు విప్పేశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "నీ నోటితోనే చెప్పు. జర జల్ది చెప్పు."

చెప్పాను. అవతల డాక్టరు అంతా విన్నాడు. "పొద్దున తెలిసినప్పుడే చెప్పి ఉంటే పొద్దున్నే కోసేవాణ్ణి. ఇప్పుడు వచ్చి గాలి తీస్తాను. రేపు తెల్లారగానే కోద్దాం, అప్పటిదాకా ఉంటే" అన్నాడు. వచ్చాడు, లావుపాటి సూది గుచ్చి గాలి తీశాడు, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ రోజు పనికి పోలేదు.

తెల్లారేసరికి పెయ్య ఉంది. నిలబెట్టి ఎడమ డొక్క మీద వెంట్రుకలు గొరిగి, మత్తు సూదులు వేసి, నిలబడి ఉండగానే కోశారు. తల నేను పట్టుకున్నాను. అది నా మెడ మీద గడ్డం ఆనించి నిలబడింది. దాని ఊపిరి పుల్లటి కుళ్ళు వాసన కొట్టింది. డాక్టరు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి లాగడం మొదలుపెట్టాడు. తాళ్ళలా పేనుకుపోయిన దారం. రాణీ రంగు, చిలకపచ్చ, ముదురు నీలం, మధ్య మధ్య జరీ. లాగుతుంటే వస్తూనే ఉంది. ఒక బకెట్టు నిండింది, రెండోది నిండింది, తర్వాత వాకిట్లోనే కుప్ప పోశారు. గల్లీ వాళ్ళు వచ్చి చూశారు. ఎదురింటి బెన్ కూడా గుమ్మం దగ్గర నిలబడి ఉందని తెలుసు. ఆ వైపు తల తిప్పలేదు.

అంతా తీశాక డాక్టరు చెయ్యి లోపలే ఉంచి, కదలకుండా నిలబడ్డాడు. మేమందరం ఆయన మొహం వైపే చూస్తున్నాం. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "తన్నింది. లోపలి నుంచి నా చేతినే తన్నింది" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయనకి వినపడలేదు, కానీ నన్ను చూసి, దూడ పోయిందనుకుని మొహం తిప్పుకున్నాడు. అతని చెయ్యి పట్టుకుని గుంజి, ఉన్నది, ఉన్నదని అరిచి చెప్పాల్సి వచ్చింది.

కుట్లు వేసి పోతూ డాక్టరు చెప్పాడు, "గండం గడిచిందనుకోకండి. ఎప్పుడైనా ఈచుకోవచ్చు." ఆవు నెమరేస్తున్నప్పుడు దాని నోట్లోంచి ఆ ముద్ద తీసి పెయ్యకి మింగించమన్నాడు, అప్పుడే దీని కడుపు మళ్ళీ పని మొదలుపెడుతుందట. మా ఆయన ఆవు దవడ పట్టుకుంటే నేను ముద్ద తీసి పెయ్య నోట్లో పెట్టేదాన్ని. తన వంతులో పరక కూడా వదలని ఆ గడుసుది ఆ మూడు రోజులూ తల విదిలించకుండా ఇచ్చింది. నాలుగో రోజు పెయ్య పడుకుని, దానంతటదే మెల్లగా దవడ ఆడించింది. నేను చూస్తూ అక్కడే కూర్చుండిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలు మేత వెతకడమే మా పని. చెరకాకుని వేలి గణుపంత ముక్కలుగా నరికేదాన్ని. మా ఆయన ఎక్కడెక్కడో తిరిగి రెండు బస్తాల జొన్న చొప్ప సంపాదించాడు. మినరల్ పొడి గరిటెతో కొలిచి వేసేదాన్ని. ఇంట్లో, కొట్టంలో దారం పోగు కనపడితే ఒళ్ళు జలదరించేది, చీరల మూట ఇంటి గడప దాటనివ్వలేదు, పనంతా డాబా మీదే. పెయ్య తోక కొంచెం పైకెత్తినా, వీపు వంచినా ఈచుకుంటోందేమోనని పరుగెత్తేదాన్ని. కింద మెత్తగా ఉండటానికి ఇసుక పోయించాం. మొదటే ఇసుక పోస్తే ఏం పోయేదని మా ఆయన ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట నేనే రోజూ అనుకున్నాను.

ఎదురింటి బెన్ రోజూ వచ్చేది. బఠాణీ తొక్కల్ని ఇప్పుడు తనే కత్తిపీటతో సన్నగా తరిగి తెచ్చేది. మొహం పీక్కుపోయింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రోజూ చెబుదామనుకునేదాన్ని. డాక్టరుకి తెలుసు, మా ఆయనకి తెలుసు. ఆమె ఆ రోజు గుమ్మం దగ్గరే ఉంది కదా, అంత దూరానికి అది ఏ దారమో తెలిసి ఉండదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె బుట్ట వంపి పోతుంటే తేలు కుట్టిన దొంగలా తల దించుకుని చెరకాకు నరుకుతూ కూర్చునేదాన్ని. పెయ్య ఈనకపోతే? ఈనినా దూడ బతక్కపోతే? అప్పుడు ఆమె జన్మంతా అది తన పాపమే అనుకుంటుంది. అది తెలిసి కూడా నోరు రాలేదు. కోపంలో అంత తొందరగా తెరుచుకునే నోరు ఇది.

ఒక పొద్దున, వంట చేస్తుండగా, పెయ్య ఈనింది. డాక్టరు లెక్క కంటే పది రోజులు ముందే. పెయ్య దూడే. చిన్నది, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. కొంచెంసేపు కదల్లేదు. మా ఆయన ముక్కులో జిగురు తీసి, వెనక కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి ఊపాడు. తుమ్మింది. పెయ్య తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది.

కబురు తెలిసి ఎదురింటి బెన్ వచ్చింది. బాలింత పశువుకని సజ్జలు, బెల్లం, మెంతులు వేసి ఉడికించి గిన్నెలో తెచ్చింది. గిన్నె పెయ్య ముందు పెట్టి, దూడ గిట్టలు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. లేస్తుంటే కళ్ళు తిరిగినట్టయి వెదురు బొంగు పట్టుకుంది. ఇక నా వల్ల కాలేదు.

"బెన్, అది మాంజా కాదు" అన్నాను. "నా దారం. నేను పరుపు చేసి వేస్తే తిన్నది. నిన్ను ఊరికే అన్నాను."

ఆమె నా వైపు చూసింది. ఆశ్చర్యం లేదు, కోపం లేదు.

"తెలుసు. ఆ రోజు కుప్ప చూశాను కదా. జరీ పోగుల మాంజా ఎవరు ఎగరేస్తారు బెన్?"

"తెలిసి కూడా ఇన్ని రోజులు ఒంటిపూట ఎందుకున్నావు?" అని అడిగాను.

"మొక్కుకున్నది పెయ్యకి. నీ మాటకి కాదు" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ, "రోజూ బుట్ట పట్టుకుని వచ్చేదాన్ని. ఈరోజన్నా చెబుతావేమో అని చూసేదాన్ని" అంది.

ఇంకా ఏమన్నా అంటుందని, అనాలని, నిలబడ్డాను. ఆమె నన్ను దాటుకుని మా వంటింటి గుమ్మంలో కూర్చుంది. "ఆకలేస్తోంది. ఏం వండావు?" అని అడిగింది.

అన్నం, పచ్చిపులుసు ఉన్నాయి. అవే వడ్డించాను. వాళ్ళకి అలవాటు లేని పులుపు. ఆమె చిన్న ముద్ద చేసి నోట్లో పెట్టుకుని కళ్ళు చికిలించింది. అది మింగేదాకా నేను చూస్తూనే ఉన్నాను.